వెయ్యి లీటర్ల రియాక్టర్‌లో పుట్టిన వేడి ఎటు పోతుంది?

కెమికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థుల రియాక్టర్ డిజైన్ నివేదికలు ఏటా కొన్ని నా బల్ల మీదికి వస్తాయి. దాదాపు అన్నిటిదీ ఒకటే వరస. రియాక్టర్ ఘనపరిమాణం తేల్చడానికి పది పన్నెండు పేజీలు, సమాకలనాలు, గ్రాఫులు, దశాంశ బిందువు తరువాత మూడు స్థానాలు. ఆ వెనకే ఒకే ఒక్క వాక్యం: "చర్యలో వెలువడే వేడిని జాకెట్ ద్వారా తొలగించవచ్చు." పాత్ర చుట్టూ ఉండే రెండో తొడుగే జాకెట్. అందులో ఏం పారుతుంది, ఎంత చల్లగా పారుతుంది, లోపలి వేడి గోడ దాటడానికి ఎన్ని చదరపు మీటర్లు కావాలి అన్న ఊసే ఉండదు.

ఇందులో విద్యార్థుల తప్పు తక్కువ. పాఠం ఆ వరసలోనే చెబుతున్నాం. ముందు రేటు సమీకరణం, తరువాత ఘనపరిమాణం, వేడి సంగతి సెమిస్టరు ఆఖరి వారాల్లో. పరిశ్రమలో వరస తలకిందులుగా ఉంటుంది. జీడిమెట్లలోనో పరవాడలోనో మందుల ముడిపదార్థాలు తయారుచేసే చోట చాలాసార్లు పాత్ర ముందే నిలబడి ఉంటుంది, దాని ఘనపరిమాణం దాని మీదే రాసి ఉంటుంది. కొత్త చర్య పుట్టించే వేడిని ఆ పాత్ర మోయగలదా అన్నదే అక్కడ అడిగే మొదటి ప్రశ్న. ప్రాజెక్టు చేస్తున్నవారి కోసం ఒక చిన్న చర్యను పట్టుకుని ఆ ప్రశ్న దాకా నడుద్దాం.

ముందు ఒక చర్య, దాని అంకెలు

ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ నీటితో కలిసి ఎసిటిక్ ఆమ్లంగా మారే చర్యను తీసుకుంటాను. విద్యార్థి ప్రాజెక్టుకు ఇది బాగా నప్పుతుంది. పక్క చర్యల బెడద లేదు, ఉత్ప్రేరకం అక్కరలేదు, నీరు ఎక్కువగా ఉంటుంది కాబట్టి రేటు అన్‌హైడ్రైడ్ గాఢత మీదే ఆధారపడుతుంది. ఆమ్లం పుట్టేకొద్దీ ద్రవం విద్యుద్వాహకత పెరుగుతుంది కనుక కాలేజీ ప్రయోగశాలలో ఉన్న కండక్టివిటీ మీటరుతోనే చర్య ఎంతవరకు వచ్చిందో చూడవచ్చు.

పలచని జలద్రావణంలో దీని రేటు స్థిరాంకం 10 డిగ్రీల సెల్సియస్ వద్ద నిమిషానికి 0.057, 25 డిగ్రీల వద్ద 0.158, 40 డిగ్రీల వద్ద 0.38. ఈ అంకెలను ఒక్కసారి మాటల్లోకి మార్చుకోండి. 25 డిగ్రీల వద్ద మిగిలి ఉన్న అన్‌హైడ్రైడ్‌లో ప్రతి నిమిషమూ సుమారు 15 శాతం మారిపోతుంది. 40 డిగ్రీల వద్ద దాదాపు మూడో వంతు. ఉష్ణోగ్రత 15 డిగ్రీలు పెరిగితే వేగం 2.4 రెట్లయింది. ఈ 2.4 మళ్ళీ అవసరం పడుతుంది.

సమాచార సేకరణలో విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎక్కడో ఒక పరిశోధన పత్రంలో రేటు స్థిరాంకం దొరుకుతుంది, దాన్ని తెచ్చి సమీకరణంలో పెట్టేస్తారు. ఆ సంఖ్యను ఏ ద్రావణిలో కొలిచారు, ఏ ఉష్ణోగ్రతల మధ్య కొలిచారు, ఎంత గాఢతలో కొలిచారు అని చూడరు. పైన ఇచ్చిన అంకెలు పలచని ద్రావణానివి, 10 నుంచి 40 డిగ్రీల మధ్యవి. వాటిని 70 డిగ్రీలకు లాగితే అది ఊహే అవుతుంది. లాగవద్దని అనను, లాగినట్టు నివేదికలో రాయాలంటాను.

చర్య ఉష్ణం సంగతి ఇంకా సున్నితం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ నడిపే కెమిస్ట్రీ వెబ్‌బుక్ ఉచితం, సంఘటనోష్ణాలు, అంటే మూలకాల నుంచి ఒక మోలు పదార్థం ఏర్పడేటప్పుడు ఇచ్చిపుచ్చుకునే వేడి విలువలు, అందులో దొరుకుతాయి. ద్రవరూపంలో ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌ది మోలుకు సుమారు మైనస్ 624 కిలోజౌళ్ళు, నీటిది మైనస్ 286, ఎసిటిక్ ఆమ్లానిది మైనస్ 484.5. రెండు మోళ్ళ ఆమ్లం విలువ నుంచి మిగతా రెండూ తీసేస్తే మైనస్ 59 వస్తుంది. అంటే మోలుకు 59 కిలోజౌళ్ళ వేడి వెలువడుతుంది. ఇప్పుడు ఒక్క క్షణం ఆగండి. 969 నుంచి 910 తీసేస్తే 59 వచ్చింది. రెండు పెద్ద సంఖ్యల తేడా ఒక చిన్న సంఖ్య. ఆమ్లం విలువలో ఒక్క శాతం పొరపాటు ఉంటే జవాబులో దాదాపు 10 కిలోజౌళ్ళు, అంటే ఆరో వంతు తేడా వస్తుంది. అందుకే పరిశ్రమల్లో పట్టికలతో సరిపెట్టుకోకుండా కెలోరిమీటరులో చర్య ఉష్ణాన్ని నేరుగా కొలుస్తారు. విద్యార్థి కనీసం రెండు చోట్ల వెతికి, విలువలు కలుస్తున్నాయో లేదో చూసి, తేడా ఎంతో రాయాలి. ఆ ఒక్క పేరా నివేదిక విలువను ఎంతో పెంచుతుంది.

ఘనపరిమాణం: త్వరగా తేలే లెక్క

నిమిషానికి 60 లీటర్ల ద్రావణం వస్తోంది, 40 డిగ్రీల వద్ద 90 శాతం మార్పిడి కావాలి అనుకుందాం. నిరంతరం కలియబెట్టే ట్యాంకు, అంటే సీఎస్‌టీఆర్ వాడితే సుమారు 1,420 లీటర్లు కావాలి. గొట్టపు రియాక్టర్ అయితే 365 లీటర్లు చాలు. ఒకే పరిమాణమున్న ట్యాంకులు రెండు వరసగా పెడితే రెండూ కలిపి 680 లీటర్లు.

అదే చర్య, అదే ఉష్ణోగ్రత, ఇంత తేడా ఎందుకు? బాగా కలియబెట్టిన ట్యాంకులోకి వచ్చిన తాజా ద్రావణం అడుగుపెట్టగానే పలచబడిపోతుంది. ట్యాంకులో ఎక్కడ చూసినా బయటికి పోయే ద్రావణపు గాఢతే ఉంటుంది, అంటే ఆఖరి పది శాతమే మిగిలిన మందకొడి వేగంతోనే చర్య మొత్తం సాగాలి. గొట్టంలో అలా కాదు. మొదట్లో గాఢత ఎక్కువ, వేగమూ ఎక్కువ, చివరికి పోయేకొద్దీ తగ్గుతుంది.

నివేదికలు ఇక్కడే విజయం ప్రకటిస్తాయి: గొట్టం చిన్నది, కాబట్టి గొట్టమే మేలు. లీటరుకు 0.2 మోళ్ళున్న పలచని ద్రావణానికి ఆ మాట నిలుస్తుంది. చర్య వేడి మొత్తం ద్రవంలోనే ఉండిపోయినా ఉష్ణోగ్రత మూడు డిగ్రీలకు మించి పెరగదు. అసలు ఉచ్చు అక్కడే ఉంది. చర్య వేగాన్ని శ్రద్ధగా కొలవాలంటే ప్రయోగశాలలో ద్రావణాన్ని పలచగా ఉంచుతారు. పలచగా ఉన్నంతసేపూ వేడి కనిపించదు. పరిశ్రమ మాత్రం నీటిని వేడిచేసి ఆవిరి చేసే ఖర్చు భరించలేక గాఢంగా నడుపుతుంది. పలచని ద్రావణంలో నేర్చుకున్న చర్యనే గాఢంగా నడిపినప్పుడు అది వేరే జంతువులా ప్రవర్తిస్తుంది.

లీటరుకు 3 మోళ్ళు అనుకోండి. ఇంత గాఢతలో రేటు సంఖ్యలు మారతాయి, అన్‌హైడ్రైడ్ నీటిలో వెంటనే పూర్తిగా కరగదు కూడా. వేడి ఎంతో అంచనా వేయడానికి మాత్రం ఈ సంఖ్య చాలు. లీటరుకు 177 కిలోజౌళ్ళు. అంతా ద్రవంలోనే ఉండిపోతే ఉష్ణోగ్రత 44 డిగ్రీలు పెరుగుతుంది. ఈ సంఖ్యకు స్థిరోష్ణక ఉష్ణోగ్రతా వృద్ధి అని పేరు. ఏ రియాక్టర్ ప్రాజెక్టులోనైనా మొదటి పేజీలో ఉండవలసిన సంఖ్య ఇదే. లెక్కించడానికి పట్టేది ఒక్క వరస: చర్య ఉష్ణాన్ని గాఢతతో గుణించి, లీటరు ద్రవం ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన వేడితో (ఇక్కడ సుమారు 4 కిలోజౌళ్ళు) భాగించాలి.

గుండిగ, గిన్నె

పెళ్ళి వంటల్లో సాంబారు గుండిగ చూసినవారికి మిగతా కథ సగం తెలిసినట్టే. గిన్నెలోకి తీసిన సాంబారు పది నిమిషాల్లో చల్లారుతుంది. గుండిగలోది ఆఖరి బంతి దాకా పొగలు కక్కుతూనే ఉంటుంది. సాంబారు ఒకటే, గాలీ ఒకటే. గుండిగకు లోపలి సరుకు ఎక్కువ, దానితో పోలిస్తే బయటి ఒళ్ళు తక్కువ.

దీన్నే రియాక్టర్‌కు పెట్టి చూద్దాం. ఎత్తు, వ్యాసం సమానంగా ఉన్న స్తూపం తీసుకుంటే ఒక లీటరు పాత్ర వ్యాసం 10.8 సెంటీమీటర్లు, పక్క గోడ వైశాల్యం 0.037 చదరపు మీటర్లు. వెయ్యి లీటర్ల పాత్ర వ్యాసం 1.08 మీటర్లు, పక్క గోడ 3.7 చదరపు మీటర్లు. సరుకు వెయ్యి రెట్లు పెరిగింది, గోడ వంద రెట్లే పెరిగింది. ప్రతి లీటరుకూ దక్కే గోడ పదో వంతుకు పడిపోయింది.

గోడ గుండా వేడి దాటే గుణకం చదరపు మీటరుకు, డిగ్రీకి 300 వాట్లు అనుకుందాం. లోపల గాజు పూత ఉండే గ్లాస్ లైన్డ్ రియాక్టర్‌కు ఇది ఒప్పుకోదగిన అంచనా. లోపల 40 డిగ్రీలు, జాకెట్‌లో 10 డిగ్రీలు. లీటరు పాత్ర 332 వాట్ల వేడిని బయటికి పంపగలదు. అందులోని మూడు మోళ్ళ వేడి 177 కిలోజౌళ్ళు, అంటే తొమ్మిది నిమిషాల పని. వెయ్యి లీటర్ల పాత్ర 33 కిలోవాట్లు పంపగలదు. పంపవలసినది 1,77,000 కిలోజౌళ్ళు. దానికి 89 నిమిషాలు పడుతుంది.

తొమ్మిది నిమిషాలకూ గంటన్నరకూ ఉన్న తేడాలోనే రియాక్టర్ డిజైన్ ఉంది. ప్రయోగశాలలో అన్‌హైడ్రైడ్‌ను పది నిమిషాల్లో పోసి, మంచు తొట్టెలో ఫ్లాస్కు తిప్పుతూ "చర్య ప్రశాంతంగా జరిగింది" అని రాసుకున్నవారు, ప్లాంటులోనూ పది నిమిషాల్లోనే పోయమంటే ఏమవుతుంది? వేడి పుడుతుంది, పోవడానికి దారి ఉండదు, ద్రవం వేడెక్కుతుంది, వేడెక్కిన ద్రవంలో చర్య ఇంకా వేగంగా సాగుతుంది.

సరళరేఖకు, వక్రరేఖకు పందెం

ఇప్పుడు ఆ 2.4 దగ్గరికి రావచ్చు. జాకెట్‌లో 10 డిగ్రీల నీరు ఉంది. లోపల 25 డిగ్రీలు ఉన్నప్పుడు తేడా 15, 40 ఉన్నప్పుడు తేడా 30. అంటే చల్లబరచే శక్తి సరిగ్గా రెండు రెట్లయింది. ఈలోగా చర్య వేగం, దానితో పుట్టే వేడి, 2.4 రెట్లయ్యాయి. ఇంకా పైకి, 70 డిగ్రీలకు పోతే చల్లబరచే శక్తి మళ్ళీ రెండు రెట్లే పెరుగుతుంది. ఉష్ణోగ్రతతో చర్య వేగం ఎలా పెరుగుతుందో చెప్పే అర్హీనియస్ సూత్రం ప్రకారం లాగితే చర్య వేగం దాదాపు ఐదు రెట్లవుతుంది. చల్లదనం సరళరేఖలో నడుస్తుంది, వేడి వక్రరేఖలో ఎగబాకుతుంది. అన్‌హైడ్రైడ్ ఉన్నంతసేపూ ఈ పందెంలో ఒక ఉష్ణోగ్రత దాటాక వక్రరేఖదే గెలుపు.

రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ సెమెనోవ్ 1928లో ఉష్ణ విస్ఫోటనాలను ఈ రెండు గీతలతోనే వివరించాడు. 1956లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1953లో వాన్ హీర్డెన్ అనే పరిశోధకుడు ఇదే బొమ్మను నిరంతరం నడిచే రియాక్టర్లకు గీసి, ఒకే రియాక్టర్ ఒకే ప్రవాహంతో రెండు వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద స్థిరపడగలదని చూపించాడు. విద్యార్థులకు నేను గట్టిగా చెప్పేది ఏమిటంటే, మీ చర్యకు ఈ రెండు గీతలూ గీయండి. కంప్యూటర్ అక్కరలేదు, గ్రాఫు కాగితం, పెన్సిలు చాలు. గీతలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో కంటికి కనబడితే కలిగే గ్రహింపు సాఫ్ట్‌వేర్ ఇచ్చే జవాబులో దొరకదు.

పది నిమిషాలు

2007 డిసెంబరు 19, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, జాక్సన్‌విల్. టీ2 లాబొరేటరీస్ అనే చిన్న సంస్థ పెట్రోలులో కలిపే ఒక మాంగనీసు సమ్మేళనాన్ని తయారుచేస్తోంది. రియాక్టర్ పరిమాణం 2,450 గ్యాలన్లు, అంటే సుమారు 9,300 లీటర్లు. మొదటి దశలో సోడియం లోహానికీ, మిథైల్‌సైక్లోపెంటాడైయీన్‌కూ మధ్య డైగ్లైమ్ అనే ద్రావణిలో చర్య జరపాలి. ముందు వేడిచేయాలి, సోడియం 98 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కలియబెట్టడం మొదలుపెడతారు. సుమారు 150 డిగ్రీల వద్ద వేడి ఆపుతారు. ఆ తరువాత చర్య తన వేడితో తానే పైకి పోతుంది. 180 డిగ్రీల దాకా వచ్చాక జాకెట్‌లోకి నీరు వదులుతారు. నీరు మరిగి ఆవిరైపోతూ వేడిని తీసుకుపోతుంది. నీరు వచ్చేది ఒకే దారిలో, మరో ఏర్పాటు లేదు.

ఆ రోజు నడుస్తున్నది 175వ బ్యాచ్. మధ్యాహ్నం 1:23కు ఆపరేటరు యజమానులకు కబురు చేయించాడు, చల్లబరచడంలో ఇబ్బంది ఉందని. 1:33కు రియాక్టర్ పేలింది. నలుగురు చనిపోయారు, 32 మంది గాయపడ్డారు. చనిపోయిన వారిలో సంస్థ యజమానుల్లో ఒకరున్నారు. ఆయన కెమికల్ ఇంజనీరు. కబురు అందుకుని వచ్చి, మిగతావారిని దూరంగా పొమ్మని చెప్పి, తాను కంట్రోల్ రూములోకి వెళ్ళాడు. శకలాలు మైలు దూరం దాకా ఎగిరిపడ్డాయి.

అమెరికా రసాయన భద్రతా మండలి తన దర్యాప్తులో తేల్చిన విషయాలు ప్రతి రియాక్టర్ ప్రాజెక్టుకూ పాఠ్యాంశాలే. సుమారు 200 డిగ్రీలు దాటాక సోడియం ద్రావణితోనే చర్య జరుపుతుంది. ఆ రెండో చర్య మొదటిదానికన్నా ఎంతో తీవ్రమైనది, దాని గురించి సంస్థలో ఎవరికీ తెలియదు. చల్లబరచడం మొదలుపెట్టే 180కీ, రెండో చర్య మేల్కొనే 200కీ మధ్య ఉన్నది ఇరవై డిగ్రీలే. పీడనాన్ని వదిలే రప్చర్ డిస్కును సుమారు 28 బార్ల వద్ద పగిలేలా అమర్చారు. 5 బార్ల దగ్గరే పగిలేలా ఉంటే ద్రవం మరిగి బయటికి పోతూ రెండో చర్య మొదలుకాకుండా ఆగి ఉండేదని మండలి అభిప్రాయం. మొదటి పది బ్యాచ్‌లలో మూడింటిలో ఉష్ణోగ్రత అనుకోకుండా ఎగబాకింది. నలభై బ్యాచ్‌ల తరువాత బ్యాచ్ పరిమాణాన్ని మూడో వంతు పెంచారు. ఎందుకు ప్రమాదమో గుండిగ లెక్క తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ నివేదికలో నన్ను బాగా కదిలించింది చివరి సిఫార్సు. యజమానులిద్దరూ డిగ్రీలున్నవారే, ఒకరు రసాయన శాస్త్రంలో, మరొకరు కెమికల్ ఇంజనీరింగ్‌లో. అయినా అదుపు తప్పే చర్యల గురించి వారికి తగినంత తెలియలేదు. అందుకని కెమికల్ ఇంజనీరింగ్ డిగ్రీ పాఠ్యప్రణాళికలోనే ఈ ప్రమాదాల బోధన ఉండాలని మండలి కోరింది. అమెరికాలో ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే అబెట్ సంస్థ తన నిబంధనల్లో రసాయన ప్రక్రియల ప్రమాదాలను చేర్చింది. ఫ్లోరిడాలో పేలిన ఒక రియాక్టర్ తరగతి గది దాకా వచ్చిందన్నమాట.

గోడ, గరిటె, గాజు పూత

ఇక పరికరం. మన మందుల పరిశ్రమలో ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. ఎస్‌ఎస్‌ఆర్ అనే స్టెయిన్‌లెస్ స్టీలు రియాక్టర్, జీఎల్‌ఆర్ అనే గ్లాస్ లైన్డ్ రియాక్టర్. రెండోదానిలో ఉక్కు గోడకు లోపల ఒకటి రెండు మిల్లీమీటర్ల గాజు పూత ఉంటుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వంటివాటికి స్టెయిన్‌లెస్ స్టీలు నిలవదు, గాజు నిలుస్తుంది. గాజును తినేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, వేడి క్షారం. ఉన్నట్టుండి వేడినుంచి చల్లదనానికి మార్చినా, మ్యాన్‌హోల్‌లోంచి పానా జారిపడినా పూత పగులుతుంది.

గాజు పూతకు మరో ధర కూడా ఉంది. గాజు వేడిని తీసుకుపోయే శక్తి ఉక్కులో కొద్ది వంతే. 1.2 మిల్లీమీటర్ల గాజు ఒక్కటే ఉన్నా గుణకం 830 వాట్లకు మించదు. దానికి ఉక్కు గోడ, లోపలి ద్రవపు పలచని పొర, జాకెట్ వైపు నీటి పొర, కాలక్రమంలో పేరుకునే మట్టి, తుప్పు కలిస్తే 300కు దిగుతుంది. ఈ ఐదు అడ్డంకుల్లో ఏది పెద్దదో తేల్చకుండా "గుణకం 500 అనుకుంటే" అని మొదలుపెట్టే నివేదికలను నేను అక్కడే ఆపుతాను. ఎస్‌ఎస్‌ఆర్ సంఖ్యను జీఎల్‌ఆర్‌కు వాడితే గంటన్నర లెక్క యాభై నాలుగు నిమిషాలుగా కనబడుతుంది. కాగితం మీద బాగానే ఉంటుంది, పాత్ర మాత్రం అంత వేడిని పంపలేదు.

కలియబెట్టే ఎజిటేటర్‌ను చాలామంది కలపడానికే అనుకుంటారు. వేడిని గోడ దగ్గరికి చేర్చేది కూడా అదే. అది ఆగితే లోపలి ద్రవపు పొర మందమై గుణకం పడిపోతుంది. అంతకన్నా ముఖ్యం, లోపల ఒకచోట వేడి, ఒకచోట చల్లదనం ఏర్పడతాయి. ఇటలీలోని సెవెసో దగ్గర 1976 జులై 10న డయాక్సిన్ వెలువడిన ప్రమాదంలో రియాక్టర్ ఎజిటేటర్ ఆపేసి ఉంది. ద్రవం మట్టానికి పైన గోడలో ఉన్న వేడి పై పొరలోకి దిగి, అక్కడ నెమ్మదిగా మొదలైన చర్య గంటల తరువాత అదుపు తప్పింది.

గోడ మందం లెక్క చాలామందికి ఇష్టమైన భాగం, సూత్రం సూటిగా ఉంటుంది కాబట్టి. భారత ప్రమాణం ఐఎస్ 2825 ప్రకారం 1.1 మీటర్ల వ్యాసం, 6 బార్ల లోపలి పీడనం, 138 మెగాపాస్కళ్ళ అనుమతి ప్రతిబలం, 0.85 వెల్డింగు సామర్థ్యం తీసుకుంటే మందం 2.8 మిల్లీమీటర్లు వస్తుంది. తుప్పు పట్టడానికి కొంత కలిపి ముగిస్తారు. జాకెట్ ఉన్న పాత్రకు ఇది సరిపోదు. లోపల వాక్యూమ్ పెట్టి జాకెట్‌లో 4 బార్ల ఆవిరి వదిలితే లోపలి గోడను బయటినుంచి నొక్కేది 5 బార్లు. లోపలి పీడనానికి సాగే గోడ బయటి పీడనానికి నలిగిపోతుంది. పీల్చేసిన ప్లాస్టిక్ సీసా లోపలికి ముడుచుకున్నట్టే. చాలాసార్లు మందాన్ని నిర్ణయించేది ఈ రెండో లెక్కే, అది కోరే మందం 2.8కి చాలా పైనే ఉంటుంది.

ఎవరూ డిజైన్ చేయని రియాక్టర్

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలోని ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. అది నిల్వ ట్యాంకు, రియాక్టర్ కాదు. అయితే స్టైరీన్ తనకు తానే గొలుసులు కట్టుకుని పాలిమర్‌గా మారగల ద్రవం. మోలుకు సుమారు 70 కిలోజౌళ్ళ వేడి వెలువడుతుంది. పైన చెప్పిన ఒక్క వరస లెక్క వేస్తే స్థిరోష్ణక వృద్ధి 300 డిగ్రీలు దాటుతుంది. అన్‌హైడ్రైడ్‌కు వచ్చింది 44.

చర్యను అణచిపెట్టే నిరోధకం తగినంత లేదు. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున ఉంది. వేడి ద్రవం తేలిక, పైకి పోతుంది. చల్లనిది అడుగున ఉంటుంది. కంట్రోల్ రూములో కనబడింది అడుగు సంఖ్య, చర్య జరుగుతున్నది పైన. సరళరేఖ, వక్రరేఖ బొమ్మను గీసేవారు ఏ బిందువు ఉష్ణోగ్రతను గీస్తున్నారో కూడా చెప్పాలన్నమాట. అందుకే విద్యార్థి డిజైన్ బొమ్మలో థర్మోవెల్, అంటే ఉష్ణోగ్రత సాధనాన్ని ఉంచే గొట్టం, ఎక్కడ పెట్టారో, అది ద్రవం మట్టం తక్కువగా ఉన్నప్పుడు కూడా ద్రవంలో మునిగే ఉంటుందో లేదో నేను తప్పక అడుగుతాను. సగం నిండిన రియాక్టర్‌లో గాలి ఉష్ణోగ్రతను కొలుస్తున్న థర్మోవెల్ ఉంటే దాన్ని నమ్మి నడిపేవాడికి దిక్కుండదు.

కరెంటు పోతే?

వైవాలో నేను చివరగా అడిగే ప్రశ్న ఇది. మన వెయ్యి లీటర్ల రియాక్టర్‌కే వేద్దాం. వేడి లెక్క ప్రకారం 3,000 మోళ్ళ అన్‌హైడ్రైడ్‌ను గంటన్నర పాటు నెమ్మదిగా పోస్తున్నాం. అంటే నిమిషానికి 33 మోళ్ళు. లోపల 40 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రతలో చర్య వేగం నిమిషానికి 0.38 కాబట్టి, పోసినది పోసినట్టే ఖర్చవుతూ ఏ క్షణంలో చూసినా చర్య కాకుండా మిగిలి ఉండేది సుమారు 88 మోళ్ళు. ఆ క్షణంలో కరెంటు పోయింది, ఎజిటేటర్ ఆగింది, నీళ్ళ పంపు ఆగింది. పోయడం కూడా ఆగితే ఆ 88 మోళ్ళ వేడి అంతా ద్రవంలోనే ఉండిపోయినా ఉష్ణోగ్రత పెరిగేది 1.3 డిగ్రీలు.

ఇక్కడ చాలామంది విద్యార్థులు "ఇంకా భద్రంగా ఉండటానికి 10 డిగ్రీల వద్ద పోస్తాం" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. 10 డిగ్రీల వద్ద వేగం 0.057 మాత్రమే. అదే తీరులో పోస్తే లోపల పేరుకునేది దాదాపు 590 మోళ్ళు. కరెంటు పోతే ఉష్ణోగ్రత 9 డిగ్రీలు పెరుగుతుంది, పెరిగేకొద్దీ చర్య వేగమూ పెరుగుతుంది. చల్లగా ఉంచడం వల్ల చర్య ఆగలేదు, వాయిదా పడింది. వాయిదా పడిన సరుకు పాత్రలోనే కాచుకుని కూర్చుంది. మన చర్య స్థిరోష్ణక వృద్ధి 44 డిగ్రీలే కాబట్టి 9 డిగ్రీలతో పోయింది. స్థిరోష్ణక వృద్ధి 200 డిగ్రీలుండే చర్యలో అంతే వంతు పేరుకుంటే 40 డిగ్రీలు ఎగబాకుతుంది.

మొత్తం 3,000 మోళ్ళూ ఒకేసారి పోసేసి ఉంటే 44 డిగ్రీలు. గంటన్నర పాటు 40 డిగ్రీల వద్ద పోస్తే 1.3. ఈ రెండు సంఖ్యల మధ్య తేడా తెచ్చినది పాత్ర పరిమాణం కాదు, గోడ మందం కాదు. పోసే గొట్టం మీద ఉన్న ఒక చిన్న వాల్వు. కరెంటు పోయినా, దాన్ని నడిపే గాలి పీడనం పోయినా లోపలి స్ప్రింగు దాన్ని మూసేయాలి. తెరిచి ఉండిపోయే రకం పెడితే ఎజిటేటర్ ఆగిన రియాక్టర్‌లోకి అన్‌హైడ్రైడ్ కారుతూనే ఉంటుంది, నీటికన్నా బరువైనది కనుక అడుగున చేరుతుంది. ఎవరో కరెంటు వచ్చిందని ఎజిటేటర్ మీట నొక్కిన మరుక్షణం అదంతా ఒక్కసారిగా కలుస్తుంది.